పట్నములో గది వెదకుట

చదువవలసిన భాగములు: రెండవ రాజుల గ్రంథము 6:1-7, 4:8-10, అపొస్తలుల కార్యములు 18:1-3



ప్రతి సంవత్సరము నాట్లు ముగిసి కలుపుతీతలు జరుగుచుండు దినములలో మన సంఘములలో ఒక సంతోషకరమైన వార్త వినవచ్చును. ఫలానివారి అమ్మాయికి ఉస్మానియాలో ఎం.యస్సీ. సీటు వచ్చినదట, ఫలానివారి అబ్బాయికి ఎం.ఏ. సీటు వచ్చినదట అని. ఆదివారము ఆ యింటివారు కృతజ్ఞత కానుక పెట్టుదురు. మనమందరము స్తుతి చెల్లించుదుము. సోమవారము తెల్లవారగానే ఆ తల్లిదండ్రులు పాస్టరుగారి అరుగుమీదికి వచ్చి కూర్చుందురు. వారు అడుగు మొదటి ప్రశ్న చదువును గూర్చినది కాదు. "అయ్యగారూ, పిల్ల అక్కడ యాడ ఉంటది?" అని అడుగుదురు.

ఈ ప్రశ్నకు నేను చాల కాలము సరియైన జవాబు చెప్పలేకపోతిని. సెమినరీలో మాకు గ్రీకు అక్షరములు నేర్పిరి, ప్రసంగము ఎట్లు కట్టవలెనో నేర్పిరి, భూస్థాపన ఆరాధన ఎట్లు నడిపింపవలెనో నేర్పిరి. నెలకు అయిదు వేల రూపాయలలో పట్నమందు ఒక ఆడపిల్లకు గది చూచుట ఎట్లో ఎవరును నేర్పలేదు. కాబట్టి దేవుడే చూచుకొనును అని చెప్పి, తలమీద చేయి ఉంచి ప్రార్థన చేసి పంపివేయుచుంటిని. అట్లు పంపబడినవారిలో ఒక అబ్బాయి సంక్రాంతికి ఇంటికి వచ్చి మరల పోలేదు. చదువు రాక కాదు. మూడు నెలలలో నాలుగు చోట్లు మారి, చివరకు ఒక స్నేహితుని గదిలో గుమ్మమునొద్ద చాప వేసికొని పండుకొని, చలికి జబ్బుపడి వచ్చివేసెను. ఇప్పుడు అతడు వరికోత యంత్రము నడుపుచున్నాడు. ఆ పని చిన్నదని నేననను. అయితే అతని ఎం.ఏ. ఆగిపోయినది గది లేకనే. నా ప్రార్థనతోపాటు నేనును బస్సెక్కి పోయియుండినయెడల ఏమైయుండునో అని అతని చూచినప్పుడెల్లను నాకు తోచుచుండును.

ఎలీషా దినములలో ప్రవక్తల శిష్యులుండిరి. వారు విద్యార్థులే. వారు తమ గురువునొద్దకు వచ్చి తాముండు చోటు తమకు చాలకున్నదని చెప్పుకొనిరి. ఇక్కడ మనము గమనింపవలసిన మొదటి సంగతి ఏమనగా, ఎలీషా వారిని గద్దింపలేదు. చదువుకొనవచ్చినవారికి చోటుతో ఏమి పని, సర్దుకొనుడి అని చెప్పలేదు. చోటు ఇరుకని చెప్పుట సణుగుట కాదు. అది కొలచి చూచి చెప్పిన మాట. యొర్దానుకు పోయి తలకొక మ్రాను నరికి తెచ్చి ఇల్లు కట్టుకొందుమని వారడుగగా ఆయన సెలవిచ్చెను. అందుతో సరిపోలేదు. వారిలో ఒకడు మీరును మాతో రావలెనని వేడుకొనెను. ఆయన వచ్చెదనని చెప్పి వారితోకూడ పోయెను. ఇనుమును నీటిమీద తేలజేసిన అద్భుతమును మనము పలుమారులు ప్రసంగింతుము గాని, పెద్దవాడైన ఎలీషా పిల్లలు చోటు వెదకుకొను చోటికి నడచిపోవుటను ఎవరును ప్రసంగింపగా నేను వినలేదు. ఆయన ఇంటియొద్దనే ఉండినయెడల గొడ్డలి నీట పడినప్పుడు ఆ పిల్లవాడు ఎవరికి మొరపెట్టుకొనును?

కొందరు ఇట్టి సందర్భములో లోతు సంగతి ఎత్తుదురు. లోతు కన్నులెత్తి చూచి నీళ్లు పారు మైదానమును కోరుకొనెను, గుడారమును సొదొమ దాక వేసికొనెను, కాబట్టి పట్నము ప్రమాదము అని. నేనును పూర్వము ఈ మాట చెప్పినవాడనే. అయితే లోతు మందలకు మేత కొరకు పోయెను. మన పిల్లలు పోవుచున్నది విద్య కొరకు. పోవలెనా వద్దా అను ప్రశ్న సీటు వచ్చిననాడే తీరిపోయినది. మిగిలినది ఏ వీధిలో ఉండవలెనో అదియే.

ఇప్పుడు ఆ తట్టు నేల యెట్లున్నదో చెప్పుదును. మన జనగామ తట్టునుండి పోవు బస్సు ఘటకేసరు, నారపల్లి, బోడుప్పల్ దాటి ఉప్పల్ రింగురోడ్డునొద్ద మనలను దింపును. అక్కడనుండి తూర్పునుండి పడమరగా పోవు పెద్ద దారి ఉప్పల్ రోడ్డు. ఆ దారివెంబడి సర్వే ఆఫ్ ఇండియావారి ఆవరణము, క్రికెట్ స్టేడియము, తరువాత భూభౌతిక పరిశోధన సంస్థయైన ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ, ఆపైన జీవకణ పరిశోధన జరుగు సి.సి.ఎం.బి., రసాయన పరిశోధన జరుగు ఐ.ఐ.సి.టి., చివర తార్నాక కూడలి. తార్నాకనొద్ద ఎడమకు తిరిగినయెడల ఉస్మానియా విశ్వవిద్యాలయము. 1918లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ స్థాపించిన విద్యాలయమది. రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో ప్రారంభమైనది. ఎన్.జి.ఆర్.ఐ. 1961లోను, సి.సి.ఎం.బి. 1977లోను ఏర్పడినవి. ఇన్ని విద్యాస్థానములు ఒక్క దారిమీద ఉండుటచేతనే ఆ ప్రాంతమంతయు విద్యార్థులకు గదులిచ్చుట ఒక జీవనోపాధియైనది.

హబ్సిగూడనొద్ద ఉత్తరమునకు చీలిన దారి నాచారమునకును, మల్లాపురమునకును పోవును. నాచారము పారిశ్రామికవాడ. ఉప్పల్, నాచారము, మల్లాపురము, చర్లపల్లి, మౌలాలి ఫ్యాక్టరీలలో పనికి నల్లగొండ, వరంగల్లు పల్లెలనుండి వచ్చినవారు అక్కడ చిన్న చిన్న ఇండ్లు కట్టుకొనిరి. ముందు తాముండి, వెనుక ఒక పోర్షను, మీద ఒక గది వేసి అద్దెకిత్తురు. మన యాస అక్కడ వినబడును. సంక్రాంతికి ఆ వీధులు సగము ఖాళీయగును. అందుచేత మన పిల్లలకు నాచారము బొత్తిగా పరదేశము కాదు.

కాని గది చూచుటకు ముందు ఒక సంగతి నిశ్చయముగా తెలిసికొనవలెను. ఉస్మానియాలో సీటు వచ్చినదనగానే అందరు తార్నాకకే పోవుదురు. పి.జి. ప్రవేశ పరీక్ష ద్వారా వచ్చు సీటు క్యాంపసులోనే ఉండవలెనని లేదు. అది సైఫాబాదు సైన్సు కళాశాలలో ఉండవచ్చును, బషీర్‌బాగులోని నిజాం కళాశాలలో ఉండవచ్చును, సికింద్రాబాదు పి.జి. కళాశాలలో ఉండవచ్చును, అనుబంధమైన ఏదైన ప్రైవేటు కళాశాలలోనైనను ఉండవచ్చును. సీటు కేటాయింపు కాగితముమీద కళాశాల పేరు ఉండును. ఆ పేరు చదువక ముందు అడ్వాన్సు ఇయ్యకూడదు. ఒక తండ్రి క్యాంపసు దగ్గరనని సంతోషించి తార్నాకలో రెండు నెలల అద్దె కట్టివేసెను. తీర చూడగా కుమారుని తరగతులు సైఫాబాదులో.

చేరిననాడే విశ్వవిద్యాలయపు హాస్టలుకు దరఖాస్తు పెట్టవలెను. దానికి మించిన చౌక లేదు. అయితే సీటు వచ్చుట ఒక నెల, గది కేటాయింపు మరియొక నెలగా ఉండుట కలదు. గదులకంటె పిల్లలు ఎక్కువ. ప్రభుత్వ సంక్షేమ వసతిగృహములను గూర్చియు విచారింపవలెను. మన విశ్వాసులలో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని ప్రభుత్వము బి.సి.-సి. వర్గముగా లెక్కించును గనుక, పిల్లవాని సర్టిఫికెట్టు ఏ వర్గముదో చూచి ఆ శాఖవారి వసతిగృహమునకే దరఖాస్తు పెట్టవలెను. కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము మీసేవలో ముందుగానే తీసికొని నాలుగేసి నకళ్లు దగ్గర ఉంచుకొనుడి. పని ఆ కిటికీయొద్దనే ఆగును.

గడచిన సంవత్సరము మా సంఘములోని ఒక విధవరాలి కుమార్తెకు క్యాంపసులోనే రసాయనశాస్త్రములో ఎం.యస్సీ. సీటు వచ్చెను. ఆ తల్లి కూలికి పోవు మనిషి. హాస్టలు జాబితాలో పిల్ల పేరు రాకపోయెను. ఈసారి నేను ప్రార్థన చేసి ఊరకుండక వారితో బస్సెక్కితిని. తల్లి కొంగున ఇరువది వేల రూపాయలున్నవి. పొదుపు సంఘములో అప్పుగా తీసికొన్న సొమ్ము. దారి పొడుగున ఆమె కొంగు ముడిమీదనుండి చేయి తీయలేదు.

మొదట తార్నాక చూచితిమి. ఒక్క గది, వంటకు అర, అద్దె తొమ్మిది వేలు. కళాశాలకు నడచిపోవచ్చును. తల్లి ఆ మాట విని మెట్లు దిగిపోయెను. తరువాత ఒక ప్రైవేటు లేడీస్ హాస్టలు. గదికి నాలుగు మంచములు, భోజనముతోకూడ ఆరు వేల అయిదు వందలు. చెడ్డది కాదు గాని మంచమునకు మంచమునకు నడుమ పుస్తకము పెట్టుకొను బల్లకు చోటు లేదు. రాత్రి తొమ్మిదికి తలుపు వేయుదురు. ల్యాబు ఆలస్యమైననాడు ఏమి చేయవలెనని అడిగితిమి. అట్లు ఆలస్యము కాకూడదు అని జవాబు.

అప్పుడు నేను ఉప్పల్‌లోని ఒక విశ్వాసి ఇంటికి తీసికొనిపోతిని. తోటి పాస్టరుగారు ముందుగా ఉత్తరము వ్రాసియుండిరి. ఆ యింటివారు కాఫీ ఇచ్చిరి, ప్రార్థన చేసిరి, కన్నీటితోనే చేసిరి. గది మాత్రము మెట్లక్రింద నున్నది. కిటికీ లేదు. అద్దె ఏడు వేలు. మన పిల్లలను విశ్వాసుల యిండ్లలోనే ఉంచవలెనని పట్టుపట్టువారు నా మాటను తప్పుగా తీసికొనకుందురు గాక. విశ్వాసి యిల్లు అనుట మంచి పరిచయమే. కాని వెలుతురు రాని గదికి అది వెలుతురు కాదు.

మధ్యాహ్నము బోడుప్పల్ లోపల ఒక గది చూచితిమి. నాలుగు వేలే. తల్లి ముఖము వెలిగెను. అయితే అక్కడనుండి రింగురోడ్డు దాక షేర్ ఆటోకు పోనురాను నలువది రూపాయలు. నెలకు ఇరువదియైదు దినములకు వెయ్యి రూపాయలు. నాలుగు వేలు అయిదు వేలాయెను. అంతేగాక బస్సు కొరకు నిలుచుండుటయు, రద్దీయు కలిపి దినమునకు మూడు గంటలు దారిలోనే పోవును. అమ్మాయి తనంతట తానే ఈ లెక్క చెప్పెను. "అమ్మా, మూడు గంటలంటే ఒక పేపరు చదువొచ్చు" అనెను.

ఇక్కడ ప్రయాణపు సంగతి చెప్పుట మంచిది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను, పట్నపు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోను టికెట్టు ఉచితము. రాష్ట్రపు చిరునామా గల గుర్తింపు కార్డు చూపవలెను. మెట్రో అనుమాట విని ఆ తల్లి పైన పోవు రైలుకూడ ఉచితమే అనుకొని మెట్లెక్కబోయెను. మెట్రో ఎక్స్‌ప్రెస్ అనునది బస్సు పేరు. రైలు వేరు, దానికి అందరును డబ్బు ఇయ్యవలెను. ఆ రైలు నాగోలు, ఉప్పల్, స్టేడియము, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ, తార్నాక మీదుగా సికింద్రాబాదు, అమీర్‌పేట తట్టు పోవును. 2017 నవంబరులో ఈ మార్గము తెరచిరి. 2025 మే నెలలో ఛార్జీలు పెంచిరి. వానలో, బందులో రైలు నమ్మకమైనది. కాని దినదినము రైలెక్కు లెక్కతో గది తీసికొనినయెడల ఆ ఖర్చును అద్దెలో కలిపియే చూడవలెను. నాచారమునకు రైలు లేదు. హబ్సిగూడలో దిగి ఆటోయో బస్సో ఎక్కవలెను, లేదా నడువవలెను. మగపిల్లలు కళాశాలనుండి పత్రము తీసికొని బస్సు పాసు చేయించుకొనవలెను.

సాయంకాలమునకు నాచారము చేరితిమి. ఒక మేడమీద చక్కని గది దొరికెను. తూర్పు కిటికీ, వేరుగా కుళాయి, అద్దె అయిదు వేల అయిదు వందలు. యజమాని మర్యాదస్థుడు. అడ్వాన్సు మాటకూడ అయినది. తల్లి కొంగు ముడి విప్పబోవుచుండగా ఆయన నా తట్టు తిరిగి, "ఇంతకు మీరేమోళ్లు?" అని అడిగెను.

ప్రియులారా, నేను ఇరువది సంవత్సరములుగా సత్యము మిమ్మును స్వతంత్రులనుగా చేయునని ప్రసంగించుచున్నవాడను. ఆ క్షణమున నా నోట వచ్చిన మాట ఇది. "మేము జనగామ తట్టు వాళ్లమండి, చదువుకొన్న కుటుంబము." అడిగినదానికి అది జవాబు కాదని ఆయనకు తెలియును, నాకును తెలియును. తల్లి నేల చూచుచుండెను. అప్పుడు అమ్మాయి నెమ్మదిగా, "మేము క్రైస్తవులమండి. ఊర్ల మా ఇల్లు మాదిగవాడల ఉంటది. ఆదివారం చర్చికి పోత" అని చెప్పెను. యజమాని ఏమియు కోపపడలేదు. ఇంట్లో అడిగి ఫోను చేసెదను అనెను. ఆ ఫోను ఈనాటివరకు రాలేదు.

వీధిలోనికి వచ్చిన తరువాత నేను ఆ పిల్లను గద్దించితిని. కొంచెము ఊరకుండరాదా, గది పోయెను గదా, అమ్మ కాళ్లు చూడు అంటిని. ఆమె కన్నీళ్లు పెట్టుకొనలేదు. "అయ్యగారూ, ఇప్పుడు దాచిపెడితే రెండేండ్లు దాచిపెట్టాలె. ఆదివారం యాడికి పోయినవంటే ఏం చెప్పాలె? మా అమ్మ వస్తే ఏం చెప్పాలె?" అని అడిగెను. నా యొద్ద జవాబు లేకపోయెను. తల్లి మాత్రము, "పోనీ అయ్యగారూ, ఆ గదిల మెట్లు గూడ ఎక్కువున్నయి" అని నన్ను ఓదార్చెను. ఆమె నన్ను ఓదార్చవలసి వచ్చుట నాకు ఆ దినమంతటిలో బరువైన సంగతి.

మేము దిగులుతో పోవుచుండగా రెండు వీధుల అవతల ఒక వృద్ధురాలు గేటుకు కట్టిన టూ-లెట్ అట్టను తీసి లోపల పెట్టుచుండెను. వాన వచ్చునని. ఆమె భర్త ఫ్యాక్టరీలో పనిచేసి కాలము చేసినవాడు, వారిది చౌటుప్పల్ తట్టు పల్లె, ఇంటిలో వేంకటేశ్వరుని పటము పెద్దది గలదు. అమ్మాయి ఈసారి అడుగకమునుపే తాము ఎవరో చెప్పివేసెను. ఆ ముసలమ్మ, "అది నేను అడిగిన్నా బిడ్డా? నీ కాలేజి ఎన్ని గంటలకు అయిపోతది, అది చెప్పు" అనెను. ఏడు కావచ్చుననగా, తొమ్మిదిన్నర దాక గేటుకు తాళము వేయననెను. గది అయిదు వేలే. అందులో ఖమ్మము తట్టునుండి వచ్చి తెలుగు ఎం.ఏ. చదువుచున్న అమ్మాయి ఒకతె అప్పటికే ఉండి, సగము అద్దె పంచుకొను తోడు కొరకు చూచుచుండెను. తలకు రెండు వేల అయిదు వందలు. ఎలీషా శిష్యులు తలకొక మ్రాను తెచ్చిరని వ్రాయబడినదానికి అర్థము నాకు ఆ గుమ్మమునొద్ద తెలిసెను. ఒక్కొక్కరు ఒక్కొక్క దూలమే. ఇల్లంతయు ఒక్కడే మోయడు.

కొన్ని రాత్రులు ఫ్యాక్టరీల తట్టునుండి ఘాటైన వాసన వచ్చునని ఆమెయే చెప్పెను. దాచలేదు.

ఆనాటి తిరుగుటలోను, ఆ తరువాత మరి ముగ్గురు పిల్లలతో తిరిగినప్పుడును నేను నేర్చుకొన్న కొన్ని సంగతులు ఇక్కడ చెప్పెదను. నీళ్లను గూర్చి యజమానిని గాక ప్రక్క పోర్షనులో అద్దెకున్నవారిని అడుగవలెను. కుళాయి నీళ్లు ఏ పూట వచ్చును, వేసవిలో బోరు ఎండునా, ట్యాంకరు తెప్పించినయెడల డబ్బు ఎవరిది అని. డాబామీద రేకుల గదిని పెంట్ హౌసని గొప్పగా చెప్పుదురు. వానకాలములో చూచినప్పుడు చల్లగానే ఉండును. ఏప్రిలు, మే నెలలలో, సరిగా పరీక్షల కాలమున, అందులో కూర్చుండజాలరు. పల్లపు వీధులలో గోడలమీద నీటి గుర్తు ఉన్నదేమో చూడుడి. 2020 అక్టోబరు 13, 14 తేదీల పెద్ద వానకు ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ తట్టున చెరువుల దిగువ కాలనీలలో ఇండ్లలోనికి నీరు వచ్చెను. ఆ సంవత్సరము ఇక్కడికి నీళ్లు వచ్చినవా అని ప్రక్కనున్న కిరాణా దుకాణమువానిని అడిగినయెడల నిజము చెప్పును. అతనికి గది అద్దెతో పని లేదు.

కరెంటుకు వేరు మీటరు ఉన్నదా, లేక తలకింత అని వసూలు చేయుదురా అడుగవలెను. అడ్వాన్సు ఎన్ని నెలలది, ఖాళీ చేయునప్పుడు రంగులకని ఎంత కోయుదురు, ఎన్ని దినములు ముందుగా చెప్పవలెను, ఈ మూడును కాగితముమీద వ్రాయించుకొనుడి. సిగ్గుపడవద్దు. వ్రాసినందున ఎవరికిని అవమానము లేదు. యిర్మీయా సెరలోనుండి పొలము కొన్నప్పుడు సాక్షులను పెట్టి, వెండి తూచి, పత్రమును మంటికుండలో దాచిపెట్టించెను. హాస్టలు గది వచ్చు నిరీక్షణ ఉన్నయెడల నెలకు నెల పద్ధతిమీద మాటలాడుడి. పదునొకండు నెలల ఒప్పందములో చిక్కుకొనవద్దు. ఆధారు నకలు ఇచ్చునప్పుడు దానిమీద గది అద్దె నిమిత్తము అని వ్రాసి, తేదీ వేసి ఇయ్యుడి.

ఆడపిల్లల గదిని పగలు చూచి తృప్తిపడకూడదు. రాత్రి ఎనిమిది గంటలకు బస్సు దిగిన చోటునుండి గుమ్మము దాక ఒకసారి నడచి చూడవలెను. దీపములున్నవా, దుకాణములు తెరచియున్నవా, కల్లు దుకాణము, మద్యపు దుకాణము దారిలో ఉన్నదా అని. ఆ సాయంకాలము ఆ తల్లి, నేను, అమ్మాయి హబ్సిగూడ దాక నడచి మరల తిరిగివచ్చితిమి. తల్లి దారిలోని మలుపులను ఒక్కొక్కటి పేరుపెట్టి గుర్తుంచుకొనెను. ఇది చెప్పుల దుకాణపు మలుపు, ఇది వేపచెట్టు మలుపు అని. ఇప్పటికిని ఫోనులో "వేపచెట్టు దాటినవా?" అని అడుగునట.

షూనేములో ఘనురాలైన స్త్రీ ఎలీషా కొరకు గోడమీద ఒక చిన్న గది కట్టించి అందులో ఏమేమి పెట్టెనో చూడుడి. మంచము, బల్ల, పీట, దీపస్తంభము. ఇన్ని వేల సంవత్సరములైనను చదువుకొనువానికి కావలసినవి ఈ నాలుగే. మనము పిల్లలను పంపునప్పుడు బియ్యపు మూట, పచ్చళ్ల సీసాలు, దుప్పట్లు సర్దుదుము గాని బల్లను గూర్చి తలంపము. మంచముమీద కూర్చుండి రెండు సంవత్సరములు చదువగా నడుము పోయినవారిని నేనెరుగుదును. ఉప్పల్, నాచారము వీధులలో ఖాళీ చేసిపోవు విద్యార్థులు పాత బల్లలను, కుర్చీలను చౌకగా అమ్ముదురు. మా స్త్రీల సమాజమువారు ఆ అమ్మాయికి ఎనిమిది వందలతో బల్ల, కుర్చీ కొనియిచ్చిరి. దానికి షూనేమీయురాలి బల్ల అని పేరుకూడ పెట్టిరి.

పరిశోధనకు పోవువారి సంగతి వేరు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చినవానికి 2023 జనవరి నుండి నెలకు ముప్పదియేడు వేలు, దానిపైన ఇంటి అద్దె భత్యము. అట్టివాడు పని చేయు సంస్థకు నడచిపోవు దూరములో గది తీసికొనుట మంచిది. ఏలయనగా ప్రయోగము రాత్రి ఎన్నింటికి ముగియునో ఎవరును చెప్పలేరు. అయితే మొదటి నెలల సొమ్ము ఆలస్యముగా చేరుట కలదు గనుక మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకొని పోవలెను.

తోడివారిని గూర్చి ఒక మాట. పౌలు కొరింథుకు వచ్చినప్పుడు అకుల, ప్రిస్కిల్లలయొద్ద దిగెను. వారు ఒకే వృత్తివారు, డేరాలు కుట్టువారు, గనుక కలిసి కాపురముండిరని లూకా వ్రాయుచున్నాడు. ఒకే పని గలవారికి ఒకే వేళలుండును. ఒకరు తెల్లవారుజామున చదువువారు, ఒకరు రాత్రి రెండింటిదాక ఫోనులో మాటలాడువారు ఒక గదిలో ఇమడరు. మన అమ్మాయికిని ఖమ్మము అమ్మాయికిని మొదటి నెల కూరదగ్గర తగవు వచ్చెను. ఈమె ఆదివారము మాంసము వండుకొనును, ఆమె తినదు. ఇద్దరును కూర్చుండి గిన్నెలు వేరుపెట్టుకొనిరి, పొయ్యి ఒక్కటే. ఆమె శనివారము గుడికి పోవును, ఈమె ఆదివారము ఆరాధనకు పోవును. ఒకరు లేనప్పుడు ఒకరు గది తుడుచుదురు.

ఇక ఆ ఎరవు గొడ్డలి సంగతి. నీటిలో పడిన ఇనుము కంటె, అది తనది కాదే అను దిగులే ఆ శిష్యుని ఎక్కువ బాధించెను. పల్లెలో అప్పుచేసి పిల్లలను పంపువారందరికి ఈ దిగులు తెలియును. ఇరువది వేలలో అడ్వాన్సు, మొదటి నెల అద్దె, వంట సామాను, ఫీజు పోగా ఆ తల్లియొద్ద ఆరు వందలు మిగిలెను. పొదుపు సంఘపు కిస్తీ నెలకు వెయ్యి. మా సంఘ పెద్దలు కూడుకొని విద్యార్థి నిధియని ఒక డబ్బా పెట్టిరి. పంట కోసినప్పుడు ఒక్కొక్క యింటివారు తోచినది వేయుచున్నారు. ఆ డబ్బాలోనుండి ఆరు నెలలు కిస్తీలో సగము కట్టితిమి. ఇది దానము కాదు. ఖాళీ చేసినప్పుడు తిరిగివచ్చు అడ్వాన్సును మరల డబ్బాలో వేయవలెనని మాట. ఆ సొమ్ముతో తరువాతి పిల్ల గది తీసికొనును. ఇట్టి డబ్బా ఇతర సంఘములలోను పెట్టవచ్చును. పెట్టినవారు లెక్క పుస్తకము ఇద్దరి చేతిలో ఉంచుడి, ఒక్కరి చేతిలో వద్దు.

ఈ సంవత్సరము సీటు వచ్చినవారు కేటాయింపు కాగితము, ధ్రువపత్రముల నకళ్లు తీసికొని ఆదివారము ఆరాధన తరువాత నన్ను కలిసికొనవలెను. నాచారములోని ఆ ముసలమ్మ ఇంటి క్రింది పోర్షను వచ్చే నెల ఖాళీయగుచున్నదని అమ్మాయి ఫోను చేసినది. ఇద్దరు ఆడపిల్లలకు సరిపోవును. ఉప్పల్ బస్సు మన స్టేజికి తెల్లవారి ఆరు గంటలకు వచ్చును. నేను వచ్చెదను.